కోయని ముల్లంగి

టోక్యో,
జనవరి 20

చెల్లాయ్ ఇకుకోకి,

ఇక్కడ చలి గోడల్లోంచి వస్తోంది. మా అకీతా మంచు ముందు మీదీ ఒక చలేనా అంటావు, తెలుసు. అక్కడి చలి కనబడి కరుస్తుంది, ఇక్కడిది కనబడకుండా కరుస్తుంది.

నువ్వు పంపిన పొగ ముల్లంగి అందింది. పెట్టె విప్పగానే చెర్రీ కట్టెల పొగ వాసన ఇల్లంతా పరుచుకుంది. అమ్మ వచ్చి నా వంటింట్లో నిలబడినట్టే అనిపించింది. ఊరగాయ ఎప్పటిలాగే అద్భుతంగా ఉంది. చెబితే నమ్మవు, అప్పుడే అయిపోయింది. ఎనభై రెండేళ్ళు వచ్చినా దీనికి జిహ్వచాపల్యం పోలేదని నవ్వుకోకు.

నేను బాగానే ఉన్నాను. లిఫ్టు లేని ఈ నాలుగో అంతస్తు నాకు ఉచిత వ్యాయామశాల. సపోరోలో ఉన్న మా అబ్బాయి ఆదివారం ఆదివారం ఫోను చేసి "అమ్మా, తింటున్నావా?" అంటాడు. తింటున్నానంటాను. దాంతో వాడి పనీ నా పనీ అయిపోతుంది.

మరిది సేయిజీని అడిగానని చెప్పు. గట్టిగా చెప్పు, లేకపోతే వినబడదు.

అక్క,
కినుయె


అకీతా,
ఫిబ్రవరి 6

కినూ అక్కా,

నీ ఉత్తరం ఆయనకి గట్టిగానే చదివి వినిపించాను. పక్కింటివాళ్ళు కూడా నిన్ను అడిగామని చెప్పమన్నారు.

ముల్లంగి అప్పుడే అయిపోయిందా. నువ్వింత ఇష్టంగా తింటావని తెలిస్తే మొదటే ఎక్కువ పంపేదాన్ని కదా. ఇవాళ ఇంకో పెట్టె పంపించాను, మొదటిదానికి రెట్టింపు. ఈ ఏడు బాగా గట్టిగా కుదిరింది. నువ్వు కొరికితే ఆ చప్పుడు కింది అంతస్తువాళ్ళకి వినబడాలి.

మంచు చూరుదాకా పేరుకుంది. మొన్న గుమ్మం ముందు కాస్త జారాను. ఏమీ కాలేదు, తుంటి దగ్గర చిన్న నీలం మచ్చ, అంతే. మంచు ఎత్తే పని ఆయనకి అప్పజెప్పి నేను కిటికీలోంచి పెత్తనం చేస్తున్నాను.

ఇక అసలు సంగతి. కొండ మీద సత్రం నడిపే తొవాకో ఈ ఏడాది ఆఖరుకి దాన్ని మూసేస్తుందట. ఆవిడకీ వయసైపోయింది, నడిపేవాళ్ళు లేరు. కోతలయ్యాక అమ్మ బియ్యం మూట వీపున కట్టుకుని, సోయా ముద్ద మిసో కుండ నీ చేతికిచ్చి, నన్ను రెక్క పట్టుకుని ఆ రాతిమెట్లు ఎక్కించేది గుర్తుందా? వేడినీళ్ళ ఊటలో వారం రోజులు నానితే ఏడాది నొప్పులన్నీ నీళ్ళలోకి దిగిపోతాయనేది. అమ్మ పోయాక కూడా మనం ఏటా వెళ్ళాం. ఆ మాయదారి కరోనా రోజుల్లో ఒకసారి మానేశాం, ఆ తర్వాత ఒక ఏడు నీ జలుబు, ఒక ఏడు నా వరికోత. ఈ అక్టోబరులో వెళ్తే వెళ్ళినట్టు, లేకపోతే ఇక లేదు.

సత్రందాకా రోడ్డు లేదు, ఆ మెట్లే గతి. అయినా మనకేం? నువ్వు నాలుగో అంతస్తు రోజూ ఎక్కేదానివి, నేను పొలం మనిషిని. వస్తానని ఒక్క ముక్క రాయి.

నీ చెల్లి,
ఇకూ


టోక్యో,
ఫిబ్రవరి 25

ఇకూకి,

రెండో పెట్టె వచ్చింది. ఇంత పంపితే ఎలా తినేది అనుకున్నాను కానీ, తినేశాను.

అక్టోబరు సంగతి ఇప్పుడే ఏం చెప్పను? మా బ్లాకు సంఘంలో ఆ నెల నా వంతు వస్తుంది. చిట్టా రాయాలి, ఏ రోజు ఏ చెత్త వెయ్యాలో చూడాలి. పైగా రైలు టిక్కెట్లు, జనం, తోపులాట. నువ్వు మీ ఊరివాళ్ళెవరినైనా తీసుకెళ్ళు. నా పేరు చెప్పి ఒక మునక ఎక్కువ వెయ్యి.

మెట్ల పక్కన రెండో మలుపులో మనం కూర్చునే బల్లపరుపు రాయి ఉండేది. ఇంకా ఉందో లేదో.

కినుయె


అకీతా,
మార్చి 19

శ్రీమతి కినుయె గారికి,

వసంతం దగ్గరపడుతున్న ఈ వేళ మీరు ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను.

మీ కింది అంతస్తులో ఉండే హోరికావా గారు నాకు కార్డు రాశారు. వెంట ఒక డబ్బా కరకరలాడే బియ్యపు బిళ్ళలు కూడా పంపారు. రెండేళ్ళుగా మా పొగ ముల్లంగిని ఆయన పొద్దున్నే గంజన్నంలోకి నంజుకుంటున్నారట. ఈ ఏడు రెండు పెట్టెలు వచ్చేసరికి తన అదృష్టానికి తానే ఆశ్చర్యపోయారట. అంతటి రుచి జన్మలో ఎరగనన్నారు. చాలా మర్యాదస్తులు.

ఆ ముల్లంగిని నేను చెరువులో చేతులు గడ్డకట్టేలా కడిగి, గుత్తులు కట్టి, పొగ మీద వేలాడదీసి, తవుడులో ఊరబెట్టి చేస్తాను. మీకు నచ్చకపోతే చెప్పి ఉండవలసింది. అక్టోబరుకి మీరు రాలేకపోతున్నందుకు కారణం కూడా ఇప్పుడు అర్థమైంది. మీరు శ్రమపడవద్దు.

ఇట్లు,
ఇకుకో


టోక్యో,
ఏప్రిల్ 2

ఇకూ,

ముందు ఆ "మీరు" తీసెయ్. చెంప మీద కొట్టినా అంత మండేది కాదు.

హోరికావా గారిని ఏమీ అనకు. ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి, పుచ్చుకున్నదానికి తిరిగి థాంక్స్ చెప్పకపోతే ఆయనకి అన్నం సహించదు. పెట్టె మీద నీ చిరునామా ఉందని నాకే తట్టలేదు.

నీ ముల్లంగి నాకు నచ్చకపోవడం కాదే. నా కింది పళ్ళసెట్టు వదులైపోయింది. కొరికితే ముల్లంగితోపాటు పళ్ళూ బయటికొస్తాయి. రెండేళ్ళుగా నేను తింటున్నది మెత్తగా ఉడికిన నూడుల్సూ, అరటిపండూ, జావా. చేప లేదు, మాంసం లేదు. తిండి తగ్గాక కాళ్ళు తగ్గాయి. కాళ్ళు తగ్గేకొద్దీ మెట్లు పెరిగాయి. చలికాలమంతా నేను కిందికి దిగనే లేదు. సరుకులు హోరికావా గారే తెచ్చిపెడుతుంటే, ఊరికే పుచ్చుకోలేక నీ ముల్లంగి ఇచ్చేదాన్ని.

నీకెందుకు చెప్పలేదంటే, చెబితే అబ్బాయికి తెలుస్తుంది, వాడు నన్ను సపోరోలో ఏదో వృద్ధాశ్రమంలో పడేస్తాడు. ఇంకోటి కూడా ఉంది. చెబితే నువ్వు పంపడం మానేస్తావు. పెట్టె విప్పినప్పుడు వచ్చే ఆ వాసన కోసం నేను ఏడాదంతా చూస్తాను.

ఇప్పుడు నా పరువు ఎలా పోయిందో విను. మార్చి మొదట్లో వార్డు ఆరోగ్య నర్సు నిత్తా అనే అమ్మాయి, ఒంటరిగా ఉండే ముసలివాళ్ళని చూడటానికి వస్తానని ముందే కబురు పెట్టింది. ఇంకేం, నేల తళతళలాడేలా తుడిచాను. లేత ఊదారంగు కిమోనో కట్టుకున్నాను. మోకాళ్ళ మీద నిటారుగా కూర్చుని టీ పోశాను. కాళ్ళెలా ఉన్నాయంటే బ్రహ్మాండం అన్నాను. తిండి ఎలా ఉందంటే రాళ్ళు తిని అరాయించుకుంటానన్నాను. ఆ పిల్ల అన్నీ రాసుకుంది. వచ్చిన మనిషికి ఒట్టి టీ ఇవ్వలేక నీ ముల్లంగి నాలుగు ముక్కలు పెట్టానా, "మీరూ తీసుకోండి, నేనొక్కదాన్నే తింటే ఏం బాగుంటుంది" అంది.

తీసుకున్నాను. మింగలేక, కక్కలేక, బుగ్గన పెట్టుకుని కూర్చున్నాను. "ఎంత బాగుందో. ఎక్కడిదండీ?" అంది. ఉత్తర దిక్కుకి చెయ్యి చూపించాను. "ఎవరు చేశారు?" అంది. నవ్వాను. "మీ చెల్లెలా? పేరేమిటి?" అంది. ఇక దొంగకి తేలు కుట్టినట్టే.

అప్పుడు పెన్సిలు పక్కన పెట్టి దగ్గరికి జరిగింది. "కినుయె గారూ, ఉమ్మేయండి. నేను చూడను, అటు తిరుగుతాను" అంది. నిజంగానే గోడవైపు తిరిగి కూర్చుంది. ముల్లంగి ముక్క రుమాల్లోకి తీసి నేను భోరుమని ఏడ్చాను. ఎందుకంత ఏడుపొచ్చిందో తెలీదు, హాయిగా మాత్రం ఉంది.

రెండు చేతుల బొటనవేళ్ళూ చూపుడువేళ్ళూ కలిపి పిక్క చుట్టూ ఉంగరంలా పెట్టి చూడమంది. అందకపోతే మంచిదట. నా పిక్క చుట్టూ గాలి ఆడింది. రాసుకున్నదంతా కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టింది.

ఇప్పుడు మంగళవారం మంగళవారం, హోరికావా గారి చెయ్యి పట్టుకుని దిగి, బ్లాకు హాలుకి వెళ్తున్నాను. నర్సు, పళ్ళు చూసే అమ్మాయి, తిండి సంగతి చెప్పే అమ్మాయి, మందుల షాపాయన అందరూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. ఇన్నాళ్ళూ పళ్ళ డాక్టరు పళ్ళే చూశాడు, కాళ్ళ డాక్టరు కాళ్ళే చూశాడు. పళ్ళు వదులైతే కాళ్ళు సన్నబడతాయని చెప్పినవాళ్ళు వీళ్ళే. అబ్బాయి గురించి భయపడితే, "ఆశ్రమానికి వెళ్ళకుండా ఉండటానికే కదండీ ఇదంతా" అంది నిత్తా.

క్షమించానని రాస్తావా? నువ్వు అని రాయి, చాలు.

నీ అక్క,
పళ్ళు లేని కినుయె


అకీతా,
ఏప్రిల్ 20

నువ్వూ, నువ్వూ, నువ్వూ. చాలా?

పిచ్చి అక్కా, ఆ బుగ్గ సంగతి చదివి నవ్వి నవ్వి ఏడ్చాను. ఆయన ఏమైందని అడిగితే చెప్పాను. ఆయనకి సగమే వినబడి, కినుయె గారికి పంటినొప్పా అని మూడు రోజులుగా బాధపడుతున్నారు.

ఈసారి పెట్టెలో ముల్లంగిని కాగితంలా సన్నగా కోసి పంపుతున్నాను. నాలుక మీద వేసుకో, కొరకక్కర్లేదు. హోరికావా గారికి వేరే పొట్లం కట్టాను, పేరు రాశాను. దానిమీద చెయ్యి వెయ్యకు.

మా ఊళ్ళోనూ పంచాయతీ హాల్లో ఇలాంటిదే పెట్టారు. నేను వెళ్తున్నాననుకో, ఊరికే, ఆడవాళ్ళు తక్కువయ్యారంటే లెక్క నింపడానికి. నాకేం అవసరం? నా పిక్కలు నా రెండు చేతులకీ అందవు. తిండి చెప్పే పిల్ల మాత్రం నన్ను పట్టుకుని ఉప్పు తగ్గించమంటుంది. అన్నం, మిసో పులుసు, ఊరగాయ తప్ప ఇంకేం తినరా, గుడ్డు తినండి, చేప తినండి అని ఒకటే గొడవ. నా ముల్లంగి రోజుకి రెండు ముక్కలే తినాలట. చేసిన నాకే రెండు ముక్కలు. లోకం ఎలా ఉందో చూడు.

బ్లాకు సంఘం వంతు ఎవరికైనా అప్పగించు. అక్టోబరులో సత్రానికి వెళ్తున్నాం. తొవాకోకి చెప్పేశాను.

ఇకూ


టోక్యో,
జూలై 10

ఇకూకి,

నాకు కొత్త పళ్ళు వచ్చాయి. అద్దంలో ఎవరో పరాయి ఆడది నవ్వుతుంటే తిరిగి నమస్కారం పెట్టాను.

హాల్లో మేమందరం వరసగా కూర్చుని "ప-త-క-ర, ప-త-క-ర" అని గట్టిగా అరుస్తాం. నాలుకకీ పెదాలకీ కసరత్తు, మింగడానికి మంచిదట. మొదటిరోజు సిగ్గుతో చచ్చాను. ఇప్పుడు నా గొంతే పైన వినబడుతోందని ముందు వరసలో కూర్చోబెట్టారు. తర్వాత అందరం కలిసే భోంచేస్తాం. ఒక్కదాన్నే నిలబడి తిన్న జావకీ, పదిమంది మధ్య కూర్చుని తిన్న చేపముక్కకీ ఎంత తేడా అనుకున్నావ్. చేప రుచి మర్చిపోయానే నేను.

మెట్లు కూడా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కుతున్నాను. హోరికావా గారు వెనక ఉంటారు. పాత అలవాటు పోలేదు. "తర్వాతి స్టాపు మూడో అంతస్తు. దిగేవారు దిగవచ్చు, ఆయాసపడేవారు ఆయాసపడవచ్చు" అని ప్రకటిస్తారు. నవ్వితే ఊపిరి అందదు, తిడితే మనిషి నొచ్చుకుంటాడు. నవ్విన నాపచేనే పండుతుంది అనుకుని ఎక్కుతున్నాను.

నువ్వు సన్నగా కోసి పంపినవన్నీ తిన్నాను. ఇది మాత్రం నిజం. కానీ పసిపిల్లకి పెట్టినట్టు పెట్టావని కొంచెం రోషం వచ్చింది.

నా వంతు వేరేవాళ్ళకి మార్చాను. తారీఖులు ఖాయం చేసి రాయి.

కినుయె


అకీతా,
ఆగస్టు 24

అక్కా,

ఎండలు మండిపోతున్నాయి. నేనొకటి ఆలోచించాను. ఆ మెట్లు నాచు పట్టి ఉంటాయి, అక్టోబరులో వానలు కూడాను. ఇప్పుడిప్పుడే కోలుకుంటున్నదానివి, నీకెందుకొచ్చిన శ్రమ? కింద ఊళ్ళో రోడ్డు పక్కన కొత్త హోటలు ఉంది, స్నానాల గది పెద్దదట. అక్కడికే పోదాం. లేదా ఈ ఏటికి మానేద్దాం.

ఇకూ


టోక్యో,
ఆగస్టు 30

శ్రీమతి ఇకుకో గారికి,

నా మీద మీకున్న జాలికి కృతజ్ఞురాలిని. నేను ఎక్కలేనని మీరు ముందే తేల్చేశారు కాబట్టి ఇక చెప్పేదేముంది. ఏప్రిల్ నుంచి నేను ఎక్కుతున్నవి ఈ బ్లాకు మెట్లు కావు. ప్రతి మెట్టూ ఆ కొండ మెట్టనుకునే ఎక్కాను. మీరు హోటల్లో సుఖంగా స్నానం చేయండి.

ఇట్లు,
కినుయె


అకీతా,
సెప్టెంబరు 8

అక్కా,

నీ "మీరు" నాకు తగిన శాస్తి. ఎక్కలేనిది నువ్వు కాదు, నేను.

ఫిబ్రవరిలో పడ్డది చిన్న జారుడు కాదు. చాలాసేపు లేవలేకపోయాను. ఆయనకి నా కేకలు వినబడలేదు. టీ రాలేదేమిటని వెతుక్కుంటూ వచ్చి చూశారు. ఎముక విరగలేదు కానీ ధైర్యం విరిగింది. అప్పట్నుంచి నాలుగు చక్రాల తోపుడుబండి నెట్టుకుంటూ తిరుగుతున్నాను. పొలం మనిషినని నీకు గొప్పలు రాశానే, పొలం గట్టు తొక్కి ఆర్నెల్లు దాటింది.

ఆమధ్య చెకప్పులో డాక్టరు స్నానం ఎలా చేస్తున్నారంటే బాగానే అన్నాను. ఈయన పక్కనుంచి, "మా ఆవిడ తొట్లో దిగడానికి భయపడి నన్ను గుమ్మం దగ్గర కాపలా పెడుతుంది" అని అరిచారు. ఈయన మామూలుగా మాట్లాడటమంటే అరవడమే కదా. బయట బల్లల మీద ఉన్న ఊరంతా విన్నది.

దాంతో నర్సు మందుల సంచీ మొత్తం తెమ్మంది. బీపీకి ఒక డాక్టరు, నిద్రకి ఒకరు, నడుంనొప్పికి ఒకరు. ఒకరిచ్చింది ఇంకొకరికి తెలీదు. నేనూ చెప్పలేదు, డాక్టరు ముందు ఇంకో డాక్టరు పేరెత్తితే బాగోదు కదా అని. ఆ నిద్రమాత్రా బీపీ మాత్రా కలిసే నా తల తిప్పేవట. వాళ్ళందరూ ఫోన్లలో మాట్లాడుకుని సగం మాత్రలు తీసేశారు. ఇప్పుడు పొద్దున్నే తల తేలిగ్గా ఉంది. ఉప్పు తగ్గించి గుడ్లు తింటున్నాను. స్కూలు మెట్ల మీద కసరత్తు చేయిస్తున్నారు, కడ్డీ పట్టుకుని ఎక్కగలుగుతున్నాను.

కానీ సత్రం మెట్లకి కడ్డీ లేదు. సగంలో ఆగిపోతే నీకు భారమవుతాను. నువ్వేమో అంత కష్టపడి కాళ్ళు తెచ్చుకున్నావు. నా వల్ల ఆ ఆఖరి మునక నీకు పోకూడదని ఆ హోటలు కబుర్లు రాశాను. నీమీద జాలి కాదు. నాకు భయం. మెట్లకి కాదు, నీ ముందు ఓడిపోవడానికి.

ఏం చేద్దామో నువ్వే చెప్పు.

ఇకూ


టోక్యో,
సెప్టెంబరు 12

ఇకూ,

అక్టోబరు పదిహేను, మధ్యాహ్నం రైలు. స్టేషన్లో కలుద్దాం. తోపుడుబండి కూడా తీసుకురా, మెట్ల కింద ఎవరూ ఎత్తుకుపోరు. కడ్డీ లేకపోతే ఏం, నా భుజం ఉంది. అమ్మ నిన్ను పట్టుకున్నది ఎడం రెక్క. నేను అదే పట్టుకుంటాను.

ఆగిపోతే ఇద్దరం ఆగిపోదాం.

అక్క


టోక్యో,
అక్టోబరు 27

చెల్లాయ్ ఇకూకి,

ఇంటికి చేరి వారమైనా ఒంట్లోంచి గంధకం వాసన పోలేదు. కావాలనే సబ్బు తక్కువ వాడుతున్నాను.

ఇప్పుడు చెప్పు, ఆ మెట్ల మీద ప్రతి మలుపులో "నీకోసమే ఆగుతున్నా అక్కా" అన్నావా లేదా? నేనూ అదే అన్నాను. ఇద్దరం ఒకరికోసం ఒకరు ఆగుతూ సాయంత్రం చేశాం. వెనకొచ్చిన కుర్రజంట మర్యాదకి కాసేపు మన వెనకే నడిచి, చివరికి విసిగి దాటిపోయారు. బల్లపరుపు రాయి మాత్రం అక్కడే ఉంది. మనం కూర్చోగానే నువ్వు "ఇది ముందు కంటే కుంగింది" అన్నావు. రాయి కుంగలేదమ్మా, మనమే.

నీకు తెలియని సంగతి ఒకటుంది. తిరిగి బయల్దేరే రోజు నువ్వు చెప్పులు వేసుకుంటుంటే తొవాకో నన్ను పక్కకి పిలిచింది. భోజనాల గదిలో అందరికీ కింద చాపలు వేసి మనకి మాత్రం ఎందుకు కుర్చీలు వేసిందో చెప్పింది. నేను ముందే ఫోను చేసి, "మా చెల్లెలు తుంటినొప్పితో కింద కూర్చోలేదు, దానికి తెలియకుండా ఒక కుర్చీ వేయించండి" అన్నాను. మర్నాడే నువ్వు ఫోను చేసి, "మా అక్క పెద్దది, కింద కూర్చోలేదు, అడిగినట్టు తెలియనివ్వకండి" అన్నావట. "నలభై ఏళ్ళుగా సత్రం నడుపుతున్నాను, ఇంత సుఖంగా ఎవరి రహస్యమూ దాచలేదు" అని నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

మొదటి రాత్రి భోజనంలో నువ్వు ముల్లంగి పొట్లం విప్పి, నీ వాటా రెండు ముక్కలు లెక్కగా తీసుకుని మిగతావి నావైపు తోశావు. నేను ఒక లావుపాటి ముక్క కొరికాను. గదిలో వాళ్ళందరూ తలతిప్పి చూసేంత చప్పుడయింది. నువ్వేమో ముఖం తిప్పుకుని ఆవిరి కళ్ళలో పడిందన్నావు. భోజనాల గదిలో ఆవిరెక్కడిదే? నేనూ ఏడ్చేదాన్నేమో కానీ, నోరు ఖాళీ లేదు.

సత్రం మూసేస్తే మూసేయనీ. మన కాళ్ళు మూతపడలేదు. నవంబరులో నువ్వు ముల్లంగి గుత్తులు కట్టేటప్పటికి నేను అక్కడికి వస్తున్నాను. వాటిని పొగ మీద వేలాడదీయడానికి నిచ్చెన నువ్వూ ఎక్కవు, నేనూ ఎక్కను, మరిది ఎక్కుతాడు. కింద నిలబడి ఇద్దరం పెత్తనం చేద్దాం. అతనికి వినబడకపోతే "ప-త-క-ర" అని కలిసి అరుద్దాం.

నిన్న ఆదివారం. అబ్బాయి ఫోను చేసి "అమ్మా, తింటున్నావా?" అన్నాడు. జవాబుగా, మిగిల్చి తెచ్చుకున్న ముక్క ఒకటి ఫోను దగ్గర పెట్టి కొరికాను. "అది పిన్ని చేసిన ముల్లంగి కదూ. నాకూ పంపమను" అన్నాడు.

వాడికి కావాలంటే సన్నగా కోసి పంపు. నాది మాత్రం కోయకు, అలాగే ఉంచు.

నీ అక్క,
కినుయె